చెట్టు కింద పందిరి చెల్లదు

మసాచుసెట్స్,
పందిళ్ల పండుగ వెళ్ళిన వారానికి.

ప్రియమైన నాఫ్తలి అన్నయ్యకు,

హెన్యా రాస్తున్నాను. ఇక్కడ అమ్మా నేనూ తింటూ తిరుగుతూ ఉన్నాం. అక్కడ నువ్వూ, షిరన్ వదినా, పాపా సైరన్ మోగని నిద్రలు పోతున్నారని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అందరం క్షేమం అని రాసే అలవాటు మనింట్లో లేదు. నాన్న ఎవరికి రాసినా "ఇంకా ఎవరూ చావలేదు" అనే మొదలుపెట్టేవాడు. ఈసారి అదీ రాయడానికి లేకుండా చేసి పోయాడు.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో మనం అరుచుకున్న అరుపులకి, శుక్రవారం ఫోన్లలో ఆ ఊసెత్తకూడదని అమ్మ కట్టడి చేసింది కదా, దాంతో నువ్వు కాగితం మీదికి దిగావు. మంచిపని చేశావు. కాగితం మీద నేను నీకు అడ్డు రాలేను, నువ్వు నాకు అడ్డు రాలేవు. నీతో ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పడం పుట్టి బుద్ధెరిగాక నాకిదే మొదటిసారి.

నువ్వు మూడు అడిగావు. అమ్మ మోకాలు ఎలా ఉంది? మీ కాలేజీలో తిప్పుతున్న ఆ కాగితం మీద నువ్వు కూడా సంతకం పెట్టావా? ఏటా పండుగకి పెరట్లో బిగించే నాన్న చెక్క పందిరి గరాజులో తడవకుండా ఉందా? మూడింటికీ చెప్తాను. మూడోదానికి మాత్రం ఆఖర్న. పేజీలు తిప్పి ముందే చూడకు. నీ సంగతి నాకు తెలుసు.

అమ్మ మోకాలి సంగతి. మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. "అయితే నా గదిని కిందికి దిగమనండి" అంది అమ్మ. నేనే దింపాను. మంచం ముందు గదిలోకి వచ్చింది, సోఫా గరాజులోకి పోయింది. ఇప్పుడు వీధి కిటికీ పక్కన పడుకుని ఎవరింటికి ఎవరొస్తున్నారో చూస్తోంది. మాత్రల కంటే ఆ కిటికీ బాగా పనిచేస్తోంది. పక్కింటి కొవాల్‌స్కీకి రెండో పెళ్ళి చేసే ఆలోచనలో ఉంది. ఆయనకింకా తెలియదు.

ఇక రెండోది. పెట్టాను.

అదిగో, చింపేస్తావేమో, కాస్త ఆగు. "నువ్వు గనక సంతకం పెట్టి ఉంటే, వసంతంలో నాన్న సమాధి రాయి మీద గుడ్డ తీసేటప్పుడు నీ పక్కన ఎలా నిలబడాలో నాకు తెలియడం లేదు" అని రాశావు. ఆ వాక్యం జేబులో పెట్టుకుని కాలేజీ వడ్రంగం షెడ్డుకి పనికి వెళ్ళాను. ఆ రోజు కొలిచింది ఒకటి, కోసింది ఒకటి. గ్రంథాలయం తలుపుకని తెచ్చిన మంచి ఓక్ చెక్క తగలబెట్టుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయింది. డెల్గాడో, మా షెడ్డు పెద్దాయన, చూసి "ఎవరు పోయారమ్మాయ్?" అని అడిగాడు. ఎవరూ పోలేదు, మా అన్న పోయేట్టున్నాడు అన్నాను.

ఎందుకు పెట్టానో నా మాటల్లో విను, ఎవరో కరపత్రంలో రాసిన మాటల్లో కాదు. నాలుగేళ్ళుగా మేం జీతాలు పెంచమంటుంటే కాలేజీ వాళ్ళు "నిధులు కట్టుబడి ఉన్నాయి" అంటున్నారు. ఎక్కడ కట్టుబడి ఉన్నాయో మాకెవరూ చెప్పలేదు. అక్కడ చదివే పిల్లలు తవ్వి చెప్పారు. అందులో కొంత బాంబులు చేసే కంపెనీల్లో ఉంది. ఆ బాంబులు ఎక్కడ పడుతున్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ శిథిలాల్లోంచి తీసిన పిల్లల్ని ఫోన్‌లో చూశాను. నేను బిగించే తలుపుల వెనక కూర్చుని పెద్దమనుషులు ఆ డబ్బు గురించి మాట్లాడుకుంటారు. వెనక్కి తీసుకోండి అని అడగడానికి నాకు డిగ్రీ అక్కర్లేదు. నేను సంతకం పెట్టింది నీ మీద కాదు, పాప మీద కాదు. కంపెనీ మీద.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. "ఆ కంపెనీల్లో ఒకటి చేసిన, రాకెట్లని గాల్లోనే ఆపే ఇనప గొడుగు కిందే నా కూతురు నిద్రపోతోంది" అన్నావు. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట లేదని రాయడం నాకు కొత్త. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నువ్వు "వాళ్ళతో కలిసి అరుస్తున్నావా?" అని కూడా అడిగావు. లేదు. వాళ్ళలో కొందరు అరిచే అరుపులు వింటే నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది. బేర్షెబాలో నీలా బస్సులు బాగుచేసుకునే మనిషొకడు ఉంటాడని, వాడికి పళ్ళొస్తున్న పిల్ల ఉంటుందని వాళ్ళ ఊహకే రాదు. ఒక కుర్రాడికి ఆ మాట మొహం మీదే చెప్పాను. ఇంకోపక్క, ఆ కాగితం మీద సంతకం పెట్టిన యూదులందరూ తల్లిపాలు మర్చిపోయినవాళ్ళని కొందరంటున్నారు. వాళ్ళకీ చెప్పాను. ఇప్పుడు రెండు వైపులా నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటారు. దారి ఖాళీగా, హాయిగా ఉంది.

ఇక్కడి నుంచే నీ మూడో ప్రశ్న మొదలవుతుంది. కూర్చుని చదువు.

కాలేజీలో యూదు పిల్లలకి ఒక ఇల్లుంది, శుక్రవారం భోజనాలు అక్కడే. ఏషర్ అని ఒకడు, తత్వశాస్త్రం చదువుతాడు, చేతులు ఊపకుండా ఉప్పు అందించమని కూడా అడగలేడు. ఎఫ్రత్ అని ఇంకో అమ్మాయి. వాళ్ళమ్మ వైపు వాళ్ళు బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్ళు, పిన్నీ వాళ్ళు మీ దేశంలో ఉన్నారు. ఇద్దరూ కలిసి ఆ ఇంట్లో ప్రతి వారం రొట్టె పిండి కలిపేవాళ్ళట. పెట్టుబడుల గొడవ మొదలయ్యాక పిండి గిన్నె దగ్గరే మాటా మాటా పెరిగింది. వాడు తన వాళ్ళని తీసుకుని బయటికొచ్చేశాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కాలేజీ డబ్బు చూసే ట్రస్టీల సమావేశం సరిగ్గా పందిళ్ల పండుగ వారంలో వచ్చింది. ఏషర్ వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. నిరసనకి గుడారాలు వేస్తే తీయించేస్తారు, పండుగ పందిరిని తీయించలేరు. పచ్చిక మైదానంలో పందిరి వేసి, వారమంతా అందులో తిని, దాని మీద "పెట్టుబడులు వెనక్కి తీసుకోండి" అని గుడ్డ కడదామని. కాలేజీ వాళ్ళు తెగ ఆలోచించి, మైదానం అంచున, పెద్ద ఓక్ చెట్టు కింద చోటిచ్చారు. అక్కడైతే ట్రస్టీల కిటికీల్లోకి కనబడదు కదా.

ఏషర్ సుత్తి అడగడానికి మా షెడ్డుకి వచ్చాడు. వెళ్ళి చూశాను. ప్లాస్టిక్ గొట్టాలు, టేపు, దుప్పట్లు. గాలి తిరిగితే అటు, తిరగకపోతే ఇటు.

"దీన్ని పందిరంటారా? మా అమ్మ బట్టలారేసే తాడు ఇంతకంటే గట్టిగా నిలబడుతుంది" అన్నాను.

"మరి నువ్వొచ్చి కట్టు. వడ్రంగివి కదా" అన్నాడు వాడు. మొహం ఎర్రగా అయిపోయింది.

"ఎల్లుండి సాయంత్రం పండుగ. ఇప్పుడు చెక్క తెచ్చి కోసి ఎప్పుడు కడతాను?"

"అయితే వెటకారం కూడా ఎల్లుండి దాకా దాచుకో."

ఆ మాట నాకు నచ్చింది. ఇంటికెళ్ళాను. గరాజు తలుపెత్తాను. నాన్న పలకలు గోడకి ఆనించి, ఆయన కప్పిన దుప్పటి కిందే ఉన్నాయి. ఈ ఏడు వేస్తానని అమ్మ అనలేదు, వెయ్యనని నేననలేదు. దుప్పటి తీస్తే ఆయన వాసన. నేను ఏడవలేదు. తుమ్మాను.

అవును అన్నయ్యా. నాన్న పందిరిని తీసుకెళ్ళి వాళ్ళకిచ్చాను. డెల్గాడో ట్రక్కు ఇచ్చాడు. సగం నీది, నిన్ను అడగలేదు. అడిగితే ఒద్దంటావని తెలుసు కాబట్టి అడగలేదు. అమ్మకి మాత్రం చెప్పాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి "మీ అన్నకి నువ్వే చెప్పుకో, నేను చెప్పను" అంది. ఇదిగో, చెప్తున్నాను. ఇంకా అయిపోలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం దాన్ని ఆ ఓక్ చెట్టు కింద నిలబెట్టాను. దానిమ్మ మూల దానిమ్మకి, అంజూరం మూల అంజూరానికి, ద్రాక్ష ద్రాక్షకి, నువ్వు తొమ్మిదేళ్ళప్పుడు వేసిన ఆలివ్ ఆలివ్‌కి. ఏషర్ వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. బొమ్మని బట్టి బొమ్మ కలిపితే పందిరి నిలబడుతుందని వాళ్ళకెవరూ చెప్పలేదు. పైన మొక్కజొన్న దంట్లు పరిచాం. చోటు నాకు బాగా నచ్చింది. నేల చదునుగా ఉంది, వాన పడినా కొమ్మలు ఆపుతాయి, నాన్న చెక్క తడవదు. వడ్రంగి బుర్ర అలాగే ఆలోచిస్తుంది.

సూర్యుడు వాలుతుండగా ఎఫ్రత్ తన స్నేహితులతో అటువైపు వచ్చింది. చేతిలో కూరల సంచి. ఆగింది. పైకి చూసింది. కిందికి చూసింది. నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటి నవ్వు?" అన్నాడు ఏషర్.

"ఇది చెల్లదు."

"ఆహా, మొదలైంది. మా ప్రార్థన చెల్లదు, మా రొట్టె చెల్లదు, ఇప్పుడు మా పందిరీ చెల్లదు. ఎవరమ్మా నువ్వు, మాకు ముద్ర వెయ్యడానికి?"

"ఒరేయ్, రాజకీయం కాదురా! తల పైకెత్తు. అదేంటి?"

"చెట్టు."

"చెట్టు కింద పందిరి చెల్లదు. దంట్ల సందుల్లోంచి ఆకాశం కనబడాలి, ఓక్ చెట్టు కాదు. బడిలో చిన్నపిల్లకి కూడా తెలుసు!"

అందరూ తలలు పైకెత్తారు. నేను కూడా. అప్పుడు వెలిగింది అన్నయ్యా. ఏటేటా పండుగ ముందు నాన్న నిచ్చెన వేసుకుని, మన పెరట్లోకి వంగిన కొవాల్‌స్కీ మేపుల్ చెట్టు కొమ్మతో ఎందుకు యుద్ధం చేసేవాడో. నేను నిచ్చెన కింద నిలబడి, ఆయనకి పక్కింటివాళ్ళతో తగువంటే సరదా అనుకునేదాన్ని. నువ్వు నిచ్చెన మీదుండేవాడివి, రంపం అందిస్తూ. నీకు తెలిసే ఉంటుంది. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మనిషి చెక్కని ఎండకీ వానకీ వదిలేసింది చేతకాక కాదు.

పొద్దు గుంకితే పండుగ వచ్చినట్టే, ఇక మేకు ముట్టుకోకూడదు. బోల్టులు విప్పి మళ్ళీ బిగించే వ్యవధి లేదు. మొత్తంగా ఎత్తి, చెట్టు నీడ దాటించి మైదానంలో పెట్టాలి. ఏషర్ వాళ్ళు సరిపోరు.

ఎఫ్రత్ సంచి కింద పెట్టింది. "ఆ గుడ్డ తియ్యండి, చెయ్యి వేస్తాను."

"గుడ్డ తీస్తే ఇక పందిరెందుకు?" అన్నాడు ఏషర్.

"విన్నారా? దేవుడి పండుగ వాడికి బోర్డు తగిలించుకునే గోడ."

"మరి మీ ఇంటి పందిట్లో జెండా కట్టారు, అది రాజకీయం కాదా?"

"అది జెండా!"

"ఇది గుడ్డ!"

నాకు తిక్క రేగింది. "ఇది మా నాన్న చెక్క!" అని అరిచాను. "దీని మీద ఎవడి గుడ్డా వద్దు. ఆయన బతికున్నప్పుడు లాటరీ టికెట్ కూడా అంటించనివ్వలేదు. మీ నినాదాన్ని ఆ చెట్టుకి కట్టుకోండి. చెట్టు కింద పందిరి చెల్లదేమో గానీ, చెట్టుకి గుడ్డ భేషుగ్గా చెల్లుతుంది!"

ఏషరే వెళ్ళి గుడ్డని చెట్టుకి కట్టాడు. నిజం చెప్పాలంటే అక్కడ ఇంకా పెద్దగా కనబడింది. ఎఫ్రత్ పళ్ళు కొరికి "నేను మోసేది పందిరిని, మీ మాటని కాదు" అని ఆలివ్ మూల దగ్గర చెయ్యి వేసింది. ఆమె స్నేహితులూ వేశారు.

అప్పుడే డీన్ ఆఫీసు నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "ఆగండి! అనుమతి చెట్టు కిందకే! మైదానం మధ్యలోకి లేదు!"

ఎఫ్రత్ పందిరి మోస్తూనే ఆయన వైపు తిరిగింది. "సార్, మీరు అనుమతిచ్చింది పండుగ పందిరికి. అక్కడుంటే అది పందిరే కాదు. మీరు ఇచ్చిన అనుమతిని మేం పాటిస్తున్నాం."

"మా మతంలో వేలు పెడుతున్నారా సార్?" అన్నాడు ఏషర్ ఇంకో మూల నుంచి. ఎన్నో నెలల తర్వాత వాళ్ళిద్దరూ ఒకే మనిషి మీద పడ్డారు. ఆయన ఒకసారి ఈమెని, ఒకసారి వాణ్ణి చూసి "మీరిద్దరూ ఒకటేనా?" అన్నాడు.

"కాదు!" అన్నారు ఇద్దరూ. ఆయన ఫోన్ తీసుకుని ఎవరినో అడగడానికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

అంతటితో బాగుండేది. కానీ ఆయన పోగానే వాళ్ళకి మళ్ళీ ఒకళ్ళకొకళ్ళు మిగిలారు.

"ఒక్క మాట చెప్పనా ఏషర్? మా అమ్మమ్మ చిన్నప్పుడు బాగ్దాద్‌లో వాళ్ళ దుకాణం దగ్గర నిలబడి ఇదే అరిచారు. వీళ్ళ దగ్గర కొనొద్దు, వీళ్ళకి అమ్మొద్దు. తర్వాత అద్దాలు పగిలాయి. నువ్వు 'వెనక్కి తీసుకోండి' అంటే నాకు ఆ అద్దాలే వినబడతాయి."

"నేను దుకాణాల గురించి అడిగానా? బాంబుల గురించి అడిగాను. అక్కడ పిల్లలు చస్తున్నారు ఎఫ్రత్, మన పేరు చెప్పి!"

"చస్తున్నారని నాకు తెలియదనుకున్నావా? నేను ఏడవలేదనుకున్నావా? నీ ముందు ఏడవలేదు, అంతే. ఆ అక్టోబరులో మా పిన్ని కొడుకుని ఎత్తుకుపోతే నువ్వెక్కడున్నావు? ఒక్క ఫోన్ చేశావా?"

"చేశాను!" వాడు రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. "రోజూ చేశాను! నువ్వే ఎత్తలేదు!"

రెండు చేతులూ ఎత్తాడు అన్నయ్యా. పందిరి మూల మోస్తున్న రెండు చేతులు.

వాడి మూల నేలని తాకింది, బరువంతా ఎదురు మూల మీద పడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎండిన పైన్ చెక్క నిలువునా చీలితే ఎలా ఉంటుందో రోజూ వింటాను. ఆలివ్ పలక పై నుంచి కింది దాకా చీలిపోయింది, సరిగ్గా నీ బొమ్మ మధ్యలోంచి.

ఇదే నేను ఆఖర్న చెప్తానన్నది. పండుగ వారమంతా నాన్న పందిరి గరాజులో లేదు. ఆరుబయట వానకి తడిసింది. విరిగింది. ఇచ్చింది నేను, మొయ్యమన్నది నేను. వాడి చేతుల మీదికి నెట్టాలని లేదు.

నేను ఆ పలక పక్కన కూర్చున్నాను. ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తేలలేదు. ఏషర్ నిలబడి ఏడుస్తున్నాడు. ఎఫ్రత్ వచ్చి నా పక్కన కూర్చుంది. వాడి వైపు చూడకుండానే "అప్పుడు ఎవరి ఫోనూ ఎత్తలేదురా. మా అమ్మది కూడా" అంది. తర్వాత పలక మీద చెయ్యి పెట్టి, చాలా జాగ్రత్తగా అడిగింది. "ఈ కప్ప ఎవరిది?"

"కప్ప కాదు, ఆలివ్" అన్నాను. "మా అన్న వేశాడు."

"కళ్ళున్నాయి దీనికి."

"అవి మెరుపు చుక్కలు. అలా అని వాడు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ వాదిస్తున్నాడు."

ఏషర్ ఏడుస్తున్నవాడు కాస్తా నవ్వాడు. "మీ అన్న ఎక్కడుంటాడు?"

"బేర్షెబాలో."

ఎఫ్రత్ తల తిప్పి నన్ను చూసింది. అంతదాకా నేను ఎవరి పక్షమో తనకి తెలుసనుకుంది. "ఇది ఇక్కడుందని అతనికి తెలుసా?"

"తెలియదు."

"చెప్పు" అంది. "వేరేవాళ్ళ నోట వింటే, విరిగింది చెక్క ఒకటే కాదనుకుంటాడు."

నేను ఇది రాస్తున్నది నా మంచితనం వల్ల కాదని నీకు తెలియాలి. నీ పక్షం పిల్ల చెబితే రాస్తున్నాను.

చీలికకి రెండు క్లాంపులు బిగించి నిలబెట్టాం. పొద్దు సరిగ్గా అప్పుడే గుంకింది. దంట్ల సందుల్లోంచి మొదటి చుక్క కనబడింది. నాన్న ఉంటే "ఇప్పుడు తినొచ్చు" అనేవాడు.

ఎఫ్రత్ ఆ రాత్రి అక్కడ తినలేదు. సంచి తీసుకుని తన వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. వారం మధ్యలో ఓ మధ్యాహ్నం వచ్చింది, మన అమ్మ ఉన్నప్పుడు. అమ్మని డెల్గాడో ట్రక్కులో తెచ్చాను, ఒళ్ళో గిన్నెడు, కూర కుక్కిన క్యాబేజీ పొట్లాలతో. నాన్న పలకల మధ్య కూర్చుని ఆవిడ గిన్నె మూత తీసింది. తర్వాత గుమ్మం దగ్గర తచ్చాడుతున్న ఎఫ్రత్‌ని చూసి "లోపలికి రా, లేదా బయటికి పో. గాలొచ్చి చల్లారిపోతున్నాయి" అంది. ఆ పిల్ల ఒక కాలు లోపలా, ఒక కాలు బయటా పెట్టి నిలబడి మూడు పొట్లాలు తింది. ఏషర్‌తో వాదిస్తూనే తింది.

అప్పుడే నీ ఇనప గొడుగు మాట వాళ్ళ ముందు పెట్టాను. నీ పేరు చెప్పే పెట్టాను. ఏషర్ ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. "గొడుగు మీద నాకు పేచీ లేదు. గొడుగు వేరు, బాంబు వేరు" అన్నాడు. "కంపెనీ ఒకటే కదరా" అంది ఎఫ్రత్. "అయితే కంపెనీని విడగొట్టాలి" అన్నాడు వాడు. "నువ్వు పందిరే విడగొట్టకుండా మొయ్యలేకపోయావు" అంది ఆమె. అమ్మ పగలబడి నవ్వింది. నాన్న పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. నా సంతకం నేను చెరపను, నీ ప్రశ్ననీ చెరపను. రెండూ నా దగ్గరే ఉంటాయి. ఇరుకుగానే ఉంటుంది.

ట్రస్టీలు ఏం చేశారంటావా? ఏమీ చెయ్యలేదు. అదొక్కటే వాళ్ళకి బాగా వచ్చు. చలికాలపు సమావేశంలో రెండు పక్షాల మాటా విని అప్పుడు ఓటేస్తారట. ఇంతకు ముందు తలుపే తెరవని వాళ్ళు, కాబట్టి ఇదీ ఒక కదలికే. ఏషర్, ఎఫ్రత్ ఇద్దరూ మాట్లాడతారు, ఎదురెదురుగా. భోజనాల వేళ మా షెడ్డుకొచ్చి ఒకరి మీద ఒకరు సాధన చేస్తున్నారు. నిన్న ఎఫ్రత్ వాడి ప్రసంగంలో ఒక తప్పు దిద్దింది. వాడి వాదన ఇంకా బలపడింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. డెల్గాడోకి ఏమీ అర్థం కాలేదు. "మీవాళ్ళు కొట్టుకుంటున్నారా, పెళ్ళి మాట్లాడుకుంటున్నారా?" అని అడిగాడు. మా ఇంట్లో కూడా ఇలాగే ఉంటుందని చెప్పాను.

ఇక నీ వాక్యం సంగతి. నా పక్కన ఎలా నిలబడాలో తెలియదన్నావు. నేనూ ఆలోచించాను. ఎఫ్రత్ నిలబడ్డట్టు నిలబడు. ఒక కాలు బయటే పెట్టుకో. వాదిస్తూనే నిలబడు. రాయి మీది గుడ్డకి రెండు కొసలుంటాయి, నేనొక్కదాన్నే లాగితే అది వంకరగా జారుతుంది. నాన్నకి వంకర పని గిట్టదు.

మిగతా పలకలు గరాజుకి చేరాయి, ఆలివ్ పలక మాత్రం అమ్మ మంచం పక్కన, గోడకి ఆనించి ఉంది. జిగురు పెట్టి బిగిస్తే పొద్దుటికల్లా అతుకుతుంది, నా పని అదే కదా. కానీ నేను ముట్టుకోలేదు. క్లాంపులు తీసి అలాగే ఉంచాను. జిగురు నేను పెడతాను, రెండో వైపు నువ్వు పట్టుకోవాలి. ఒక్క మనిషి చేతులకి ఆ పొడవు అందదు. తర్వాత రంగు వెయ్యడం నీ పని. ఈసారైనా కళ్ళు పెట్టకు.

అమ్మ పక్కనుంచి అరుస్తోంది. అక్కడి నుంచి రంగు మోసుకు రానక్కర్లేదట. నువ్వు వాడిన ఆకుపచ్చ డబ్బా నాన్న ఇన్నేళ్ళూ దాచాడట, మూత రాకపోతే సుత్తితో కొట్టి తియ్యమని నాకు చెప్తోంది. పాపకి చిన్న కుంచె కొని ఉంచుతాను.

ఇట్లు,
నీ మాట వినని, నిన్ను వదలని
చెల్లెలు,
హెన్యా